ఊపేదాకా

కూసో పెంచలమ్మా, ఆ గోతాం మీదనే కూసో.
ఈ ఎర్రగడ్డలు తరుగుతా చెప్తా, ఇను.
వీసా వచ్చిందని సిద్ధవటమంతా చెప్పుకుంటివి గానీ
మాట ఒకటన్నా నేర్చుకున్యావా?

ఇది బసల్.
తెల్లగడ్డ తూమ్. ఉప్పు మిల్హ్.
నీళ్లు మాయ్. మాయ అనాకు, మాయ్.
ఇంటామెను మామా అని పిలవాల.
నవ్వొచ్చాదా? నాకూ వచ్చింది.
మన కాడ మామకు మీసాలుంటాయి,
ఆ మామకు గోళ్లకు రంగుంటాది.

ఇంగొకటి, వాళ్ల నోట్లో 'ప' లేదు.
ఇమానం దిగినంక నువ్వు బెంచలమ్మవే.
ఎవురినో పిలిచినారని ఎనక్కి చూడాకు.
నేను పప్పు చేస్తే ఆ ఇంటి పిల్లోడు
బబ్బు బబ్బు అని గిన్నె పట్టుకోని ఎంటబడేవోడు.
మా ఊరి ఏటి పేరు చెప్పరా అంటే
బెన్న అనేవోడు.
దిద్దినా. ఒక నెల దిద్దినా.
తర్వాత్తర్వాత నేనే బెన్న అన్యా,
ఇసకలో నీళ్లు యాడుండాయో ఎవురికి తెలుసులే అని.

రేత్రి రెండింటికి టీ అడుగుతారు. వాళ్లకు అది సాయంత్రం.
శుక్రవారం మనకు తలస్నానం,
వాళ్లకు చుట్టాలు, నీకు నూరు పళ్లాలు.
ఏడుపొస్తే ఏసీ మిషను పక్కకు పో,
దాని మోతలో ఇనపడదు.

తిన్యావా అని అడగరు నిన్ను.
చెడ్డోళ్లని కాదు, తోచదు.
ముసలామె ఒకామె ఉండేది, ఎప్పుడూ మంచంలోనే.
ఒక దినం నన్ను కాడికి పిలిచి
కలేతి? అనింది.
ఏం పని చెప్తాందో అనుకోని
బిన్నా పోయి పరక తెచ్చినా.
ఆమె మళ్లా అడగలా.
ఆ మాటకర్థం తెలిసేటప్పటికి
మంచం తీసేసినారు.
రాసుకో, పెన్నుందా? ముందు అది రాసుకో.
కలేతి అంటే తిన్యావా.

ఇప్పుడు గహ్వా. దాన్ని కాపీ అనుకోవాకు.
యాలక్కాయలేసిన పసుప్పచ్చ నీళ్లు, చక్కెరుండదు.
కూజా ఎడమ చేత, కప్పు కుడి చేత,
మారిస్తే ఆ పొద్దంతా తిట్లే.
పక్షి గూడు కంటే చిన్న కప్పు.
తాగినోళ్లు చాలు అనరు.
కప్పును ఇట్లా, రవంత, ఊపుతారు.
ఊపేదాకా పోచ్చానే ఉండాల.
నాకెవురూ చెప్పలా.
మొదటి దినం ఒక పెద్దాయనకు ఒక్కతూరి పోసి
గోడకానుకోని నిలబడినా.
ఆయన కప్పు పట్టుకోని నా పక్క చూస్తాండాడు,
నేను కిటికీ పక్క చూస్తాండా.
బయట ఒక ఖర్జూరం చెట్టు, దానికి నీళ్ల పైపు.
మన చెట్లకెవురు పైపు పెట్టినారు అనుకుంటాండా.
వాళ్లు నవ్వినారు గానీ ఎందుకో తెలీలా.

వచ్చి రెండేండ్లాయ.
మొన్న భాకరాపేటలో మా చెల్లెలి కూతురి సీమంతం.
బంతిలో చారు పోసే పిల్లోడొచ్చినాడు.
నేను గ్లాసు ఊపినా.
ఇంగా కావాలేమోనని నిండా పోసినాడు.
మళ్లా ఊపినా. మళ్లా పోసినాడు.
ఆకంతా చారు, చీర కుచ్చిళ్లు చారు,
పక్కనుండే ఆడోళ్లంతా
చాలని చెప్పు వదినా, నోరు లేదా అంటాండారు.
నోరుంది. మాట గూడా నోట్లోనే ఉంది.
చెయ్యి ముందు పోతాది, ఏం జేసేది.

సరే, ఇంద, మజ్జిగ. గ్లాసు పట్టుకో.
నేను పోచ్చాంటా.
చాలనిపించినప్పుడు నోరు తెరవాకు,
రవంత ఊపు.
అట్ల కాదు, మణికట్టు తిప్పాల.
పెంచలమ్మా, యాడ చూస్తాండావు?
నీ బిడ్డ బడి నుంచి ఇంగా రాలేదులే,
ఇట్ల చూడు.
నిండిపాయ.
చేతి మీంద కారతాంది.
ఊపు.